కత్తి పట్టిన చేతికి కొలత

ఎవరి పేరు మీద ఈ ధర్మనిధి ఉపన్యాసం జరుగుతోందో ఆ గురువుగారి దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్నవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆయన గొప్పతనం నేను చెబితే తెలిసేది కాదు, మీరంతా చూసినదే. అందుకని ఆయన్ను ఎప్పుడూ వెంటాడిన ఒక ప్రశ్నను ఈ సాయంత్రం మీ ముందు పెడతాను. ఫలానా సర్జన్ చెయ్యి బాగుందని మనకెలా తెలుస్తుంది?

జనం తమ అనుభవంతో చెబుతారు, ఆయన హస్తవాసి మంచిదని. మనం మన అనుభవంతో చెబుతాం, ఆయన చెయ్యితిరిగినవాడని. రెండూ నిజమే కావచ్చు. కానీ మొదటి ఏడాది పీజీ వచ్చి ‘సార్, నా చేతిలో లోపం ఎక్కడుంది?’ అని అడిగితే ఈ రెండు మాటలూ అక్కరకు రావు. ఇంకో సంగతి గమనించండి. మన ఎం.ఎస్. పరీక్షలో లాంగ్ కేసు ఉంటుంది, షార్ట్ కేసులుంటాయి, పరికరాల టేబులూ స్పెసిమెన్ల టేబులూ ఉంటాయి, వైవా ఉంటుంది. చాలాచోట్ల ఒక్క కుట్టు కూడా వేయించి చూడరు. కత్తితో బతకబోయే మనిషికి నోటితో పరీక్ష పెట్టి పంపిస్తున్నాం. లాగ్ బుక్కులో ఎన్ని కేసులు చేశాడో ఉంటుంది, ఎలా చేశాడో ఉండదు.

చేతి పనిని కొలతలోకి దించిన మొదటివాళ్ళలో ఒకాయన డాక్టరే కాదు. తాపీపనితో జీవితం మొదలుపెట్టిన అమెరికన్, ఫ్రాంక్ గిల్‌బ్రెత్. ఇటుక పేర్చడంలో ఉండే 18 కదలికలను 5కు తగ్గించి పేరు తెచ్చుకున్నాడు. భార్య లిలియన్‌తో కలిసి పనివాళ్ళ వేళ్ళకు చిన్న విద్యుద్దీపాలు కట్టి, కెమెరా షట్టర్ తెరిచే ఉంచి ఫొటో తీసేవాడు. చెయ్యి నడిచిన దారంతా ఫొటోలో వెలుగు గీతగా పడేది. దీపం వెలిగి ఆరేలా చేస్తే ఆ గీత ముక్కలు ముక్కలుగా వచ్చేది, ముక్కల పొడవును బట్టి చెయ్యి ఎక్కడ పరుగెత్తిందో ఎక్కడ తడబడిందో చెప్పగలిగేవారు. ఆ గీతలను తీగతో వంచి నమూనాలుగా కూడా తయారుచేశారు. 1910ల్లో గిల్‌బ్రెత్ సినిమా కెమెరా పట్టుకుని ఆపరేషన్ థియేటర్లలోకి వెళ్ళాడు. సర్జన్ సమయం కోతలోనూ కుట్టులోనూ కంటే పరికరం వెతుక్కోవడంలో ఎక్కువ పోతోందని తేల్చాడు. సర్జన్ చెయ్యి చాపగానే కావలసిన పరికరాన్ని సహాయకులే అరచేతిలో పెట్టాలని సూచించాడు. ఈ రోజు ప్రతి థియేటర్లో అదే పద్ధతి నడుస్తోంది. దీని వెనక ఒక తాపీమేస్త్రి చూపు ఉందని మనలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

కానీ గిల్‌బ్రెత్ టేబుల్ సర్దాడు, చేతికి చదువు చెప్పలేదు. ఆ చదువంతా గురువు కంటి కిందే సాగింది. జాన్స్ హాప్కిన్స్‌లో 1889 తర్వాత విలియం హాల్‌స్టెడ్ నెలకొల్పిన రెసిడెన్సీ విధానం ప్రపంచమంతా పాకింది, మనదీ దాని కొమ్మే. ఏళ్ళ తరబడి గురువు పక్కన నిలబడు, చూడు, అసిస్ట్ చెయ్యి, ఆయనకు నమ్మకం కుదిరిన రోజున కత్తి అందుకో. ఈ పద్ధతి గొప్ప సర్జన్లను తయారుచేసింది. దాన్ని తక్కువ చెయ్యను. అయితే ఇందులో కొలబద్ద అంతా ఒక్క మనిషి కన్నే. ఆ కన్ను అలిసిపోతుంది. మెచ్చినవాణ్ణి ఎక్కువసార్లు చూస్తుంది. థియేటర్లో వెనక నిలబడే మాట తక్కువ అమ్మాయిని చాలాసార్లు చూడనే చూడదు.

పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాప్రోస్కోపీ రావడంతో ఆ ఒక్క కన్ను చాలకుండా పోయింది. 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరే ఈ పద్ధతిలో పిత్తాశయం తీశారు. 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో తెహెమ్టన్ ఉద్వాడియా మన దేశంలో దీన్ని మొదలుపెట్టారు. పొట్ట గోడలో రంధ్రం ఇరుసులా పనిచేస్తుంది కాబట్టి చెయ్యి ఎడమకు పోతే లోపల పరికరం మొన కుడికి పోతుంది. లోతు తెలియని చదునైన తెర మీద చూస్తూ చెయ్యాలి. తీగల్లాంటి పొడవాటి పరికరాల గుండా కణజాలం స్పర్శ సగం సగంగానే అందుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గురువు తన చేతిని శిష్యుడి చేతి మీద పెట్టి నడిపించే వీలు పోయింది. తొలి ఏళ్ళలో పిత్తనాళానికి గాయాలు పెరిగాయి. అప్పుడు అందరికీ అర్థమైంది, నేర్చుకోవడం రోగి పొట్టలో కాకుండా ఇంకెక్కడైనా జరగాలని.

ఇంకెక్కడైనా అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదో అధ్యాయం మొత్తం దీని గురించే. కోతకు బూడిదగుమ్మడి, ఆనపకాయ, దోసకాయ. నీళ్ళూ బురదా నింపిన తోలు సంచులు. గీకడానికి వెంట్రుకలున్న తోలు. సిరను గుచ్చడానికి చచ్చిన జంతువుల నాళాలు, తామర తూడు. కుట్టుకు మందపాటి బట్ట, మెత్తటి తోలు. నన్ను ఆకట్టుకునేది ఆ వస్తువుల జాబితా కాదు. శస్త్రచికిత్సను విడివిడి చేతలుగా విడగొట్టి, ఒక్కో చేతకు తగిన వస్తువును ఎంచిన తీరు. ఇప్పుడు సిమ్యులేటర్ తయారుచేసే ఇంజనీరు మొదట చేసే పని కూడా ఇదే. ఒక్కటే కొరత, ఆనపకాయ తన మీద పడిన కోత గురించి శిష్యుడికి ఏమీ తిరిగి చెప్పలేదు.

ఆ తిరిగి చెప్పే పని ఇరవయ్యో శతాబ్దం చివర్లో మొదలైంది. టొరాంటోలో రిచర్డ్ రెజ్నిక్ బృందం 1997లో గురువు కంటికే ఒక క్రమం పెట్టింది. అందరికీ ఒకే నమూనాలు, ఒకే పనులు. కణజాలాన్ని ఎంత మెత్తగా పట్టుకున్నాడు, సమయాన్నీ కదలికనూ ఎంత పొదుపుగా వాడాడు, పరికరాన్ని ఎలా పట్టాడు అంటూ ఒక్కో అంశానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. దాదాపు అదే కాలంలో లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆరా దార్జీ బృందం కంటిని పక్కన పెట్టి చేతినే అడిగింది. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా నమ్మకమంతా ఇక్కడే నిలబడి ఉంది.

రెండు చేతుల వెనక భాగాన చిన్న గ్రాహకాలు అతికిస్తారు. దగ్గర్లో బలహీనమైన విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే పెట్టె ఒకటి పెడతారు. ఆ క్షేత్రంలో ఒక్కో చెయ్యి ఎక్కడుందో, ఎటు వంగి ఉందో సెకనుకు 20 సార్లు కంప్యూటర్ రాసుకుంటుంది. చేతి వేగం సున్నా దగ్గర్నుంచి పెరిగి మళ్ళీ దిగితే అది ఒక కదలిక. ఒక పని పూర్తయ్యేసరికి ఎన్ని కదలికలు, చేతులు మొత్తం ఎంత దూరం నడిచాయి, ఎంతసేపు పట్టింది, ఈ మూడే ప్రధానంగా తేలతాయి. చెయ్యితిరిగిన సర్జన్‌కూ కొత్తవాడికీ మధ్య తేడా ఈ మూడింటిలోనూ తేటగా కనిపించింది. అనుభవజ్ఞుడి కదలికలు తక్కువ, దారి పొట్టిది.

ఎందుకు పొట్టిది? తొందర వల్ల కాదు. కొత్తవాడి చెయ్యి గాలిలో ఆలోచిస్తుంది. బయల్దేరుతుంది, ఆగుతుంది, వెనక్కి వస్తుంది, మళ్ళీ బయల్దేరుతుంది. తెలిసిన చెయ్యి కదిలేలోపే ఆలోచన అయిపోయి ఉంటుంది. కుట్టు ఒక్కటే తీసుకోండి. వంపు సూదిని మొన వైపు నుంచి మూడింట రెండు వంతుల దగ్గర పట్టాలి, మొన కణజాలంలోకి నిటారుగా దిగాలి, ఆ తర్వాత మణికట్టు సూది వంపునే అనుసరిస్తూ తిరగాలి. కొత్త చెయ్యి తిప్పదు, తోస్తుంది. తోస్తే రంధ్రం సాగుతుంది, సూది సగంలో ఇరుక్కుంటుంది, వదిలి మళ్ళీ పట్టుకోవాలి. గ్రాహకం రాసిన లెక్కలో మణికట్టు తిరుగుడు ఉండాల్సిన చోట ముందుకు తోపు ఉంటుంది, ఒక్క కదలిక ఉండాల్సిన చోట నాలుగు ఉంటాయి. ‘నీ కుట్టు బాగోలేదు’ అన్న మాట కంటే ‘సూది దిగాక నీ మణికట్టు తిరగలేదు, ఇదిగో చూడు’ అన్న మాట శిష్యుడికి వెయ్యి రెట్లు పనికొస్తుంది. మొదటిది విని రాత్రి నిద్రపట్టదు. రెండోది విని రాత్రంతా సాధన చేస్తాడు.

దూరమూ సంఖ్యా మాత్రమే కాకుండా నునుపును కూడా కొలుస్తారు. వేగం ఎంత త్వరగా మారుతోందో అది త్వరణం. ఆ త్వరణమే ఎంత త్వరగా మారుతోందో లెక్కగడితే కుదుపు తెలుస్తుంది. చూసేవాళ్ళ కంటికి ‘బెరుకు’గా కనిపించేదానికి ఇదొక అంకె.

ఏ పరికరానికైనా దాని బలహీనత దానికుంది. విద్యుదయస్కాంత గ్రాహకాన్ని చుట్టుపక్కల ఉన్న లోహం తప్పుదారి పట్టిస్తుంది, థియేటర్లో లోహం లేని చోటేది? కెమెరాతో పట్టుకుంటే అసిస్టెంట్ మోచెయ్యి అడ్డొచ్చిన క్షణం లెక్క తెగిపోతుంది. సెల్‌ఫోన్లలో ఉండేలాంటి చవకైన త్వరణ గ్రాహకాలను మణికట్టుకు కట్టుకుంటే అడ్డు సమస్య ఉండదు గానీ, త్వరణం నుంచి స్థానాన్ని రాబట్టేటప్పుడు చిన్న తప్పు నిమిషాల్లో కొండంత అవుతుంది. డావించి లాంటి శస్త్రచికిత్స రోబోలకు ఈ బాధలు తక్కువ, సర్జన్ చెయ్యి పెట్టిన పిడి ఎలా కదిలిందో యంత్రానికి పుట్టుకతోనే తెలుసు. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఆ యంత్రం మీద 8 మంది చేత కుట్టు, ముడి, సూది దాటించడం చేయించి ఆ రికార్డును 2014లో లోకానికి విడుదల చేశారు. కంప్యూటర్‌కు శస్త్రచికిత్సను ‘చదవడం’ నేర్పే పరిశోధనలో చాలా భాగం దాని మీదే నడిచింది. ఆ ఎనిమిది మందీ కుడిచేతివాటం వాళ్ళే. మన దగ్గర ఎడమచేతి వాటం పిల్లవాడు ఒకడు అలాంటి కొలబద్ద ముందు నిలబడితే యంత్రం వాడి గురించి ఏం చెబుతుందో ఊహించండి. కొలత ఎవరి చేతుల నుంచి పుట్టిందో అడగకుండా ఏ కొలతనూ మన పిల్లల మీద పెట్టకూడదు.

ఇక వర్చువల్ రియాలిటీ. కంప్యూటర్ సృష్టించిన చోట పని జరుగుతుంది కాబట్టి అక్కడ విడిగా గ్రాహకం అక్కర్లేదు, ప్రతి కదలికా దానంతట అదే నమోదవుతుంది. సాధనా కొలతా ఒకే చోట దొరుకుతాయి. 1990ల్లో బ్రిటన్‌లో తయారైన మిస్ట్ వీఆర్ అన్న పరికరంలో లివరూ లేదు, రక్తమూ లేదు. గాలిలో తేలే బంతులు, పెట్టెలు, వాటిని అందుకోవాలి, మార్చాలి, వేడితో తాకాలి. పిల్లల ఆటగా కనిపించే దీనితో యేల్ విశ్వవిద్యాలయంలో 2002లో ఒక పరీక్ష జరిగింది. 16 మంది రెసిడెంట్లలో కొందరికే ఈ సాధన ఇచ్చారు, తర్వాత అందరి చేతా నిజమైన రోగుల్లో పిత్తాశయాన్ని లివర్ నుంచి విడదీయించారు. ఎవరికి సాధన అందిందో తెలియనివాళ్ళు వీడియోలు చూసి లెక్కవేశారు. సాధన చేసినవాళ్ళు 29 శాతం వేగంగా ముగించారు. సాధన లేనివాళ్ళు పిత్తాశయాన్ని గాయపరచడం గానీ, అక్కర్లేని చోట కాల్చడం గానీ 5 రెట్లు ఎక్కువగా జరిగింది. 16 మంది అంటే చిన్న సంఖ్యే. నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. వాళ్ళకు ఇన్ని గంటలు సాధన చెయ్యాలన్న గడువు పెట్టలేదు. అనుభవజ్ఞులైన సర్జన్లు ముందుగా ఆ యంత్రం మీద చేసి ఒక గీత గీశారు, ఆ గీత అందుకునేదాకా సాధన. మూడేళ్ళు నిండాయి కాబట్టి సర్జన్ అయ్యావు అనే మన పద్ధతికి దీనికీ ఎంత దూరమో చూడండి.

కంటి వైద్యంలో ఇంకా పెద్ద లెక్క ఉంది. ఐసీ అనే సిమ్యులేటర్లో కృత్రిమ కన్ను ఉంటుంది, మైక్రోస్కోప్‌లోంచి చూస్తూ శుక్లం తీయడాన్ని సాధన చేస్తారు. బ్రిటన్‌లో 2009 నుంచి 2015 దాకా మొదటి, రెండో ఏడాది శిక్షణలో ఉన్న 265 మంది చేసిన 17,831 ఆపరేషన్లను పరిశీలించారు. సిమ్యులేటర్ వాడకం పెరిగిన ఆ ఏళ్ళలో కటకం వెనక పొర చిరగడం 4.2 శాతం నుంచి 2.6 శాతానికి దిగింది. 2020లో అచ్చయిన ఈ ఫలితాన్ని చూసి, సిమ్యులేటర్ సంపన్నుల సరదా అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. పొర చిరిగిన ఆ కన్ను ఎవరిది? మన దగ్గర ఉచిత శిబిరానికి పల్లె నుంచి బస్సెక్కి వచ్చే ముసలావిడది. శిష్యుడి తొలి చేతులు పడేది డబ్బున్నవాళ్ళ మీద కాదు, ఆ సంగతి ఈ గదిలో అందరికీ తెలుసు.

ఇంతవరకూ విని కొలత ఉంటే చాలనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఒక ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో లారెన్స్ వే బృందం లాప్రోస్కోపీలో పిత్తనాళానికి గాయమైన 252 కేసులను తవ్వి చూసి 2003లో ప్రకటించింది. వాటిలో చేతి నైపుణ్యం లోపం వల్ల జరిగినవి 3 శాతమే. మిగతా 97 శాతంలో మూలకారణం చూపు మోసం. సర్జన్ ప్రధాన పిత్తనాళాన్నే పిత్తాశయ నాళం అనుకున్నాడు, అనుకుని శుభ్రంగా, నునుపుగా, ఒక్క కదలిక వృథా కాకుండా కోశాడు. ఆ చేతికి గ్రాహకం కట్టి ఉంటే నూటికి నూరు మార్కులు వేసేది. తప్పు నాళాన్ని అందంగా కోసిన చెయ్యి మంచి చెయ్యి కాదు. చేతి లెక్కను మాత్రమే కొలిచే సంస్థ అందంగా తప్పు చేసేవాళ్ళను తయారుచేస్తుంది.

కాబట్టి చేతితో పాటు చూపును కూడా కొలవాలి. ఆ పనీ జరుగుతోంది. సర్జన్ చూపు తెర మీద ఎక్కడ నిలుస్తోందో పట్టే పరికరాలున్నాయి. కొత్తవాడి చూపు తన పరికరం మొన వెంట తిరుగుతుంది, అనుభవజ్ఞుడి చూపు చేరాల్సిన చోట ముందే వెళ్ళి నిలుస్తుంది, పరికరం దాని వెనక వస్తుంది. వర్చువల్ రియాలిటీ అసలు బలం కూడా నా దృష్టిలో ఇక్కడే ఉంది. నిజమైన రోగుల్లో అరుదుగా ఎదురయ్యే శరీర నిర్మాణ భేదాలను, వాచి అతుక్కుపోయి ఏ నాళం ఏదో తెలియని పిత్తాశయాన్ని వరసగా పదిసార్లు చూపించవచ్చు. క్లిప్పు వేసే ముందు ఏమేం కనిపించి తీరాలో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ 1995లో చెప్పిన నియమం మనందరికీ పాఠమే. పిత్తాశయంలోకి పోతున్నవి రెండే రెండు నిర్మాణాలని తేలేదాకా దేన్నీ కొయ్యకూడదు. దాన్ని పాఠంగా చెప్పడం ఒకటి, కనిపించకపోతే ఆగడాన్ని అలవాటు చెయ్యడం ఇంకొకటి. మంచి సిమ్యులేటర్ ‘ఇక్కడ ఆగావు, సీనియర్‌ను పిలిచావు, సరైన పని’ అని మార్కులు వెయ్యాలి. ఇప్పుడు అమ్ముతున్న వాటిలో వేగానికి దొరికినన్ని మార్కులు ఆగడానికి దొరకవు. తలకు తగిలించుకునే కొత్త హెడ్‌సెట్లకైతే చేతికి కణజాలం బరువూ ఎముక గట్టిదనమూ ఇంకా సరిగా అందడం లేదు. అవి ఆపరేషన్ వరసను నేర్పడానికి బాగుంటాయి, స్పర్శను నేర్పడానికి సరిపోవు.

ఈ లెక్కలు ఎవరి చేతిలో ఉండాలి అన్నది నాకు అన్నిటికన్నా బరువైన ప్రశ్న. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఊబకాయానికి ఆపరేషన్ చేసే 20 మంది సర్జన్లు తలా ఒక వీడియో ఇచ్చారు. తమకు నచ్చినది తామే ఎంచుకుని ఇచ్చారు. పేర్లు తెలియకుండా తోటి సర్జన్లు మార్కులు వేశారు. అడుగు వరసలో నిలిచిన సర్జన్ల రోగుల్లో 14.5 శాతానికి చిక్కులొచ్చాయి, పై వరసవాళ్ళ రోగుల్లో 5.2 శాతానికే. 2013లో వచ్చిన ఈ ఫలితం తర్వాత, చేతి నైపుణ్యానికీ రోగి బాగోగులకీ సంబంధం లేదని ఎవరూ అనలేరు. ఆ సర్జన్లు ముందుకొచ్చి వీడియోలు ఇవ్వడానికి కారణం, నా దృష్టిలో, వాటిని శిక్షించడానికి వాడరన్న భరోసా. అదే వీడియోలు యాజమాన్యం జీతాల లెక్కకో, బీమా సంస్థ ఫైలుకో పోతాయని తెలిసుంటే ఒక్కటీ వచ్చేది కాదు. నేర్చుకుంటున్నవాడు తప్పు చెయ్యడానికి ఒక చోటు ఉండాలి, ఆ తప్పుల చిట్టా మీద మొదటి హక్కు అతనిదే. గీత దాటాడా లేదా అన్న ఒక్క సంగతి మాత్రం కళాశాలకు తెలియాలి, ఎందుకంటే గీత దాటనివాణ్ణి రోగి దగ్గరికి పంపకుండా ఆపే బాధ్యత దానిది. ఈ రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

మన దేశంలో ఇవన్నీ ఎక్కడ జరుగుతాయని నిరుత్సాహపడేవాళ్ళకు ఢిల్లీ ఉదాహరణ చెబుతాను. ఎయిమ్స్ న్యూరోసర్జరీ విభాగం, ఐఐటీ ఢిల్లీ ఇంజనీర్లు కలిసి ముక్కు ద్వారా మెదడు అడుగుకు వెళ్ళే ఎండోస్కోపీ సాధనకు తమ సొంత పరికరాన్ని తయారుచేసుకున్నారు. కెమెరా దృశ్యాల నుంచే పరికరం కదలికను లెక్కగడుతుంది అది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కళాశాలలకు కొరత లేదు, వైద్య కళాశాలలూ ఇప్పుడు చాలా జిల్లాలకు వచ్చాయి. ఒక గోడకు ఇటూ అటూ కూర్చుని రెండూ మాట్లాడుకోకపోవడం తప్ప మనకు అడ్డేమీ లేదు. నైపుణ్య ప్రయోగశాల ఉండి తీరాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన కూడా ఉంది. తనిఖీ రోజున తెరిచి మర్నాడు తాళం వేస్తే ఆ గదికి అర్థం లేదు.

ధర్మనిధి పెద్దలు ఈ ఏడాది నిధిని ఎలా వాడాలో సూచించమని నన్ను అడిగారు. కోట్ల రూపాయల యంత్రం అడగను. ప్లాస్టిక్ పెట్టెలు కొన్ని, లోపల ఎల్ఈడీ దీపం, పైన పాత సెల్‌ఫోన్ కెమెరా, పక్కన తెర, వాడి పక్కన పెట్టిన లాప్రోస్కోపీ పరికరాలు. పరికరాల మొనలకు రంగు టేపు చుడితే వీడియోలోంచి వాటి దారిని, కదలికల సంఖ్యను రాబట్టే ప్రోగ్రాము ఇంజనీరింగ్ విద్యార్థులు ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా రాయగలరు. మొదట మన ఆచార్యులు దాని మీద చేసి గీత గియ్యాలి, అందులో ఎడమచేతివాటం సర్జన్లు కూడా ఉండాలి. గది రాత్రి డ్యూటీ వాళ్ళకు కూడా తెరిచి ఉండాలి, తాళంచెవి పీజీల దగ్గరే ఉండాలి. ప్రతి విద్యార్థి రికార్డు అతని సొంత ఖాతాలో, అతని అనుమతి లేనిదే విభాగాధిపతి కూడా తెరవలేని విధంగా ఉండాలి. గీత దాటిన రోజున అతనే తెచ్చి చూపిస్తాడు, ఆ మర్నాటి లిస్టులో అతనికి ఒక కేసు రాయాలి. దీనికయ్యే ఖర్చు అంచనాను కార్యదర్శి గారికి ఇచ్చాను. వచ్చే ఏడాది ఈ వేదిక ఎక్కే వక్తకు ఆ గదిని ముందు చూపించి, తర్వాత మైకు ఇవ్వండి.